ప్యాంక్రియాస్ లీక్ అయినప్పుడు తిండి ఆపాలా? ఆక్ట్రియోటైడ్ ఎంతవరకు పనిచేస్తుంది?

మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెడతాను. నాన్నగారికి 60 ఏళ్లు. కామెర్లతో మొదలై, పిత్తనాళం పేగులో తెరుచుకునే చోట, అంటే అంపుల్లా దగ్గర క్యాన్సర్ అని తేలింది. విపుల్ ఆపరేషన్ అయి 12 రోజులైంది. కడుపులోని రసం బయటికి రావడానికి పెట్టిన పైపులో, అంటే డ్రెయిన్‌లో రోజుకు సుమారు 300 మిల్లీలీటర్లు వస్తోంది, అందులో ప్యాంక్రియాస్ చేసే అమైలేజ్ అనే ఎంజైమ్ వేలల్లో ఉంది. జ్వరం లేదు. ముక్కులోంచి పేగులోకి గొట్టం వేసి ఫీడ్ ఇస్తున్నారు, ప్యాంక్రియాస్ రసం తగ్గించే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్లు రోజుకు మూడు చేస్తున్నారు. జబ్బుకు ముందు 66 కిలోల మనిషి ఇప్పుడు 55 కిలోలు ఉన్నారు. మీ బంధువులు ఒకరు "కడుపులోకి చుక్క కూడా పోకూడదు, నరానికి పెద్ద పాలసీసా పెట్టించండి" అంటున్నారు, ఇంకొకరు పళ్లరసాలు మాత్రమే పట్టమంటున్నారు. ఇంజెక్షన్ ఎన్నాళ్లు, నోటితో తిండి ఎప్పుడు, డ్రెయిన్‌తో ఇంటికి పంపుతామంటే ఒప్పుకోవచ్చా అని మీరు అడిగారు.

సర్జికల్ గాస్ట్రో వార్డుల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న డాక్టరుగా చెబుతున్నాను. ఆయన్ని నేను చూడలేదు కాబట్టి ఇక్కడ చెప్పేదంతా మీ సర్జన్‌తో కూర్చుని మాట్లాడటానికి పనికొచ్చే సమాచారమే. మోతాదులు మార్చాల్సింది వాళ్లే.

ముందుగా ఒక మాట. ఈ లీక్‌కు సర్జన్ చేతగానితనం కారణమని ఎవరైనా మీ చెవిన వేసి ఉంటే దాన్ని పక్కన పెట్టండి. విపుల్‌లో ప్యాంక్రియాస్ తలభాగం, డ్యూడెనం అనే చిన్నపేగు మొదటి భాగం, పిత్తనాళం చివరి భాగం తీసేసి, మిగిలిన ప్యాంక్రియాస్‌ను చిన్నపేగుకు కుడతారు. చాలాకాలం వాచి గట్టిపడిన ప్యాంక్రియాస్‌లో కుట్టు బాగా నిలుస్తుంది. అంపుల్లా క్యాన్సర్ వచ్చినవాళ్లలో తరచూ ప్యాంక్రియాస్ మెత్తగా, అందులోని నాళం సన్నగా ఉంటుంది. అలాంటి మెత్తటి కండలో దారం కోసుకుపోతుంది. బాగా అనుభవం ఉన్న పెద్ద సెంటర్లలో కూడా ఈ లీక్‌లు వస్తూనే ఉన్నాయి. ఇది ఈ ఆపరేషన్‌తో వచ్చే, అందరికీ తెలిసిన ఇబ్బంది.

ఆపరేషన్ తర్వాత మూడో రోజు నుంచి ఎప్పుడైనా, డ్రెయిన్ నీళ్లలో అమైలేజ్ రక్తంలో ఉండాల్సిన గరిష్ఠ హద్దుకు మూడు రెట్లు దాటితే దాన్ని ప్యాంక్రియాస్ రసంగా లెక్కిస్తారు. ప్యాంక్రియాస్ సర్జన్ల అంతర్జాతీయ బృందం 2005లో ఈ నిర్వచనం ఇచ్చి, 2016లో సవరించింది. అమైలేజ్ పెరగడం ఒక్కటే ఉండి మనిషికి ఏ ఇబ్బందీ లేకపోతే ఇప్పుడు దాన్ని ఫిస్టులా (రసం కారే దారి) అని కూడా అనరు, బయోకెమికల్ లీక్ అంటారు. చికిత్స మార్చాల్సి వచ్చినా, డ్రెయిన్ మూడు వారాలు దాటి ఉంచాల్సి వచ్చినా అది బి గ్రేడ్. మళ్లీ ఆపరేషన్ అవసరమైతే, కిడ్నీ, ఊపిరితిత్తుల వంటి అవయవాలు దెబ్బతింటే అది సి. మీ డాక్టర్లు బి అన్నారని రాశారు. వీటిలో ఎక్కువ శాతం రెండో ఆపరేషన్ లేకుండానే మూసుకుంటాయి. అయితే ఊరికే మూసుకోవు. రసం కడుపులో నిల్వ ఉండకుండా బయటికి రావాలి, చీము పట్టకూడదు, ఒంటికి తిండి అందాలి. మందుల పాత్ర ఈ మూడింటి తర్వాతే వస్తుంది. ఇళ్లలో మాత్రం ఎక్కువగా దీనికి తలకిందులుగా ఆలోచిస్తారు: ఇంజెక్షన్ మీద ఆశంతా పెట్టుకుని తిండి ఆపేస్తారు.

తిండి ఆపాలన్న ఆలోచన గాల్లోంచి పుట్టింది కాదు. ఆహారం డ్యూడెనంలోకి దిగగానే సెక్రెటిన్, కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్లు విడుదలై ప్యాంక్రియాస్‌ను రసం వదలమంటాయి. ఆరోగ్యంగా ఉన్న ప్యాంక్రియాస్ రోజుకు లీటరున్నర నుంచి రెండున్నర లీటర్ల దాకా రసం చేస్తుంది. తిండి ఆపితే రసం తగ్గుతుంది, రసం తగ్గితే లీక్ మూసుకుంటుందని మా ముందు తరం డాక్టర్లు వారాల తరబడి నోటికి ఏమీ ఇవ్వకుండా, నరం ద్వారా టీపీఎన్ మాత్రమే, అంటే తిండంతా నరంలోకే ఎక్కించే, మీ బంధువులు పాలసీసా అంటున్న ద్రవం మాత్రమే ఇచ్చేవారు. రసం తగ్గడం నిజమే. కానీ పేగు ఖాళీగా ఉంటే దాని లోపలి పొర పలచబడుతుంది, ఒంట్లో కండ కరుగుతుంది. కుట్టు దగ్గర కొత్త కణజాలం పెరగాలంటే ప్రొటీన్ కావాలి. ఆకలితో ఉన్న ఒంట్లో అది ఎక్కడినుంచి వస్తుంది?

దీన్ని పోలండ్ డాక్టర్లు నేరుగా పరీక్షించారు. 2011లో వచ్చిన ఆ అధ్యయనంలో ఆపరేషన్ తర్వాత ప్యాంక్రియాస్ ఫిస్టులా వచ్చిన 78 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి పేగులోకి గొట్టం ద్వారా ఫీడ్, ఇంకొకరికి టీపీఎన్ ఇచ్చారు. 30 రోజులకు పేగు ద్వారా తిండి అందినవాళ్లలో 60 శాతం మందికి ఫిస్టులా మూసుకుంది. టీపీఎన్ వాళ్లలో 37 శాతం మందికే మూసుకుంది. అంటే మీ నాన్నగారికి ఇప్పుడు ఇస్తున్న గొట్టం ఫీడ్, మీ బంధువులు అడుగుతున్న పాలసీసా కంటే మెరుగైన దారి. ఈ మాట వాళ్లకు కచ్చితంగా చెప్పండి. సీసా ఖరీదు ఎక్కువ కాబట్టి అదే గొప్ప వైద్యం అనుకోవడం మన దగ్గర చాలా ఇళ్లలో చూస్తుంటాను, బాధేస్తుంది. ఉన్న బంగారం తాకట్టు పెట్టి మరీ పెట్టిస్తారు.

నోటితో తినడం సంగతి ఇంకా ఆసక్తికరం. జపాన్‌లో కొన్ని ఆసుపత్రులు కలిసి చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. విపుల్ తర్వాత లీక్ వచ్చినవాళ్లలో కొందరిని మామూలుగా తిననిచ్చారు, కొందరికి ఆపారు. తిన్నందువల్ల లీక్ ఎక్కువ రోజులు సాగలేదు. 2019లో తైవాన్ నుంచి 114 మందితో ఇంకొకటి వచ్చింది: నోటితో తిన్నవాళ్లు ఒకవైపు, గొట్టం ఫీడ్ వాళ్లు ఒకవైపు. నోటితో తిన్నవాళ్లకు ఫిస్టులా మూసుకోవడంలో ఏ తేడా రాలేదు, పైగా ఖర్చు తగ్గింది, ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి. నాకు తోచే కారణం ఒకటుంది. ఆ హార్మోన్లు ముఖ్యంగా డ్యూడెనం నుంచి వస్తాయి, విపుల్‌లో ఆ డ్యూడెనాన్నే తీసేస్తారు. ఆపరేషన్‌కు ముందు ఉన్న లెక్క తర్వాత అలాగే ఉండదు.

కాబట్టి నోటితో తినడం గురించి మీ సర్జన్‌ను ధైర్యంగా అడగండి. వాళ్లు ఇంకా ఆపి ఉంచారంటే లీక్ కాకుండా వేరే కారణం ఉండొచ్చు. విపుల్ తర్వాత చాలామందికి కడుపు సరిగా ఖాళీ కాదు, లీక్ ఉన్నవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. ఆకుపచ్చ వాంతులు, కడుపుబ్బరం, కొంచెం తాగగానే నిండిపోయినట్టు అనిపించడం ఉంటే నోటితో ఇప్పుడే వద్దనడం సబబే. ఆ గొట్టం కొస కుట్టు దాటి కింది పేగులో ఉంటుంది కాబట్టి, కడుపు మొండికేసినా ఫీడ్ ఆగకుండా వెళ్తుంది. డ్రెయిన్‌లో రసం చాలా ఎక్కువగా వస్తున్నా, నొప్పి, జ్వరంతో మనిషి కుదేలై ఉన్నా కూడా కొన్నాళ్లు గొట్టమే మంచిది. ఇవేమీ లేకపోతే, గొట్టం ఉంచుతూనే నోటితో కొద్దికొద్దిగా మొదలుపెట్టడానికి అభ్యంతరం ఉండాల్సిన పనిలేదు.

టీపీఎన్ అసలు వద్దని కాదు. పేగు కదలిక ఆగిపోయినా, ఎక్కడైనా అడ్డం పడినా, గొట్టం ఫీడ్‌తో అవసరంలో సగం కూడా చేరకపోయినా అది ప్రాణం నిలబెడుతుంది. అప్పుడు కూడా పేగులోకి గంటకు 10, 20 మిల్లీలీటర్లు పోనిస్తూ, లోటు మాత్రం నరం ద్వారా పూడ్చడం మేలు. టీపీఎన్ లైన్ నుంచి రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ చేరుతుంది, షుగర్ ఎగబాకుతుంది, వారాలు గడిస్తే లివర్ పరీక్షలు చెడతాయి. ఆ లైన్ నుంచి రక్తం తీయడం, వేరే మందులు ఎక్కించడం చేస్తుంటే వద్దని సిస్టర్‌గారికి మర్యాదగా గుర్తుచేయండి.

ఇప్పుడు ఆయనకు ఎంత కావాలో లెక్క. కిలోకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు అంటే 55 కిలోలకు 1375 నుంచి 1650. ప్రొటీన్ కిలోకు ఒకటింబావు నుంచి ఒకటిన్నర గ్రాములు, రసం ఎక్కువ పోతున్నవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ. ఒకటిన్నర లెక్కన ఆయనకు 80 గ్రాముల పైచిలుకు. ఫీడ్ పౌడర్ డబ్బా మీద ఒక స్కూపుకు ఎన్ని కేలరీలు, ఎంత ప్రొటీన్ అని రాసి ఉంటుంది. గంటకు ఎన్ని మిల్లీలీటర్లు పోతోంది, రోజుకు ఎన్ని గంటలు పోతోంది అన్నవి చూసి మీరే గుణించండి. వార్డుల్లో తరచూ కనిపించే లోపం ఇదే: చార్టులో గంటకు 60 అని ఉంటుంది, కానీ స్కానింగ్‌కని, స్నానానికని, వాంతి వచ్చిందని ఆపి ఆపి, సాయంత్రానికి లెక్కవేస్తే అందాల్సినదాంట్లో సగమే లోపలికి పోయి ఉంటుంది. రాత్రి ఎంత అందిందో ఒక కాగితం మీద రాసి రౌండ్స్‌లో చూపించండి. కొడుకుగా మీరు చేయగలిగిన పనుల్లో దీన్ని మించినది లేదు.

ఇంకో ప్రమాదం గురించి చెప్పాలి. 66 నుంచి 55కి అంటే ఆరో వంతు బరువు పోయింది. ఇంత చిక్కిన మనిషికి ఒక్కసారిగా పూర్తి తిండి ఇస్తే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి. గుండె లయ తప్పొచ్చు, ఊపిరి అందకపోవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే తక్కువతో మొదలుపెట్టి కొన్ని రోజుల్లో పెంచుతారు, ముందుగానే థయమిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు. ఫీడ్ ఈ వారమే మొదలై ఉంటే ఫాస్ఫేట్ పరీక్ష చేస్తున్నారా అని అడగండి. సోడియం, పొటాషియం అన్నిచోట్లా చూస్తారు, ఫాస్ఫేట్‌ను చాలాచోట్ల మర్చిపోతారు.

రసంతో పాటు పోయేవి కూడా తిరిగి ఇవ్వాలి. ప్యాంక్రియాస్ రసంలో సోడియం రక్తంలో ఉన్నంత ఉంటుంది, బైకార్బొనేట్ రక్తంలో కంటే చాలా ఎక్కువ. రోజుకు 300 మిల్లీలీటర్లకు మామూలుగా తట్టుకుంటారు. ఏడెనిమిది వందలు దాటితే మాత్రం ఒంట్లో ఆమ్లం పెరుగుతుంది, నాలుక ఎండుతుంది, మూత్రం తగ్గుతుంది. అప్పుడు ఎంత పోతే అంత లెక్కగా ఎక్కించాలి. వారాల తరబడి రసం పోతుంటే జింక్ కూడా తగ్గుతుంది, పుండు మానడానికి అది అవసరం.

గొట్టం గురించి రెండు ముక్కలు. ఇంట్లో మిక్సీ పట్టిన జావ, పప్పుకట్టు ఆ సన్నని గొట్టంలో పోయకండి. మూసుకుపోతుంది, మళ్లీ వేయాలంటే ఎండోస్కోపీ చేయాలి. పైగా కింది పేగులోకి నేరుగా పోయేదానికి కడుపులోని యాసిడ్ రక్షణ ఉండదు కాబట్టి శుభ్రత చాలా ముఖ్యం. కలిపిన పౌడర్ ఫీడ్ నాలుగు గంటలకు మించి వేలాడదీయకూడదు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, మందు ఇచ్చిన ప్రతిసారీ 30 మిల్లీలీటర్ల మంచినీళ్లతో కడగాలి. సిరంజితో ఒక్కసారిగా 200 తోసేస్తే నొప్పి, విరేచనాలు వస్తాయి, పంపుతో గానీ సన్నగా చుక్కలుగా గానీ పోవాలి. విరేచనాలు వస్తుంటే వెంటనే ఫీడ్ ఆపేయమనకండి. వేగం తగ్గించి చూడాలి, ప్రొటీన్‌ను ముందే చిన్న ముక్కలు చేసిన పెప్టైడ్ ఫీడ్‌కు మారాలి, యాంటీబయాటిక్ వల్లేమో పరీక్షించాలి.

నోటితో మొదలయ్యాక మన ఇళ్లలో అసలు యుద్ధం పథ్యం దగ్గరే. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి చేస్తుంది, పెరుగు జలుబు చేస్తుంది అని పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. చివరికి ఆయన కంచంలో మిగిలేది చారన్నం, బీరకాయ కూర, ఒక గ్లాసు బత్తాయి రసం. దాంట్లో ప్రొటీన్ పది గ్రాములు కూడా ఉండదు. పప్పుకూ చీముకూ ఏ సంబంధమూ లేదు. చీము పట్టేది రసం లోపల నిల్వ ఉండి, అందులో బ్యాక్టీరియా పెరిగితేనే. మీ అమ్మగారికి నెమ్మదిగా చెప్పండి: ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్, పావు లీటరు పాలలో ఎనిమిది, ఉడికిన చికెన్ వంద గ్రాముల్లో సుమారు 25. మెత్తటి ముద్దపప్పు అన్నం, ఇడ్లీ, గుడ్డు పొరటు, పెరుగన్నం, పనీర్, ముళ్లు లేని చేప, పాలలో ప్రొటీన్ పౌడర్, ఇవన్నీ తినొచ్చు. ఒకేసారి నిండుగా కాకుండా రోజుకు ఆరేడుసార్లు కొంచెం కొంచెంగా. కారం ఆయనకు సహించినంత. నూనె, నెయ్యి పూర్తిగా మానేయాల్సిన పనిలేదు. కొవ్వు మానేస్తే కేలరీలు ఎక్కడా సరిపోవు, అరక్కపోతే అరిగించే మందు ఉంది.

ఆ మందు ప్యాంక్రియాటిక్ ఎంజైమ్ క్యాప్సూల్. ప్యాంక్రియాస్ కొంత తీసేశారు, మిగిలినదాని రసం బయటికి పోతోంది. అలాంటప్పుడు తిన్నది అరగదు, మలం జిగటగా, వాసనగా, నీళ్లమీద నూనెలా తేలుతుంది. పూర్తి భోజనానికి 40 వేల నుంచి 50 వేల యూనిట్ల లైపేజ్ (కొవ్వును అరిగించే ఎంజైమ్), చిరుతిండికి అందులో సగం అన్నది మామూలుగా మొదలుపెట్టే మోతాదు, తర్వాత అవసరాన్ని బట్టి పెంచుతారు. భోజనానికి అరగంట ముందు వేసుకుంటే పెద్దగా పనిచేయదు. మొదటి ముద్దలతో ఒకటి, మధ్యలో ఇంకొకటి వేసుకోవాలి. నమలకూడదు. ఈ ఎంజైములు పంది ప్యాంక్రియాస్ నుంచి తీస్తారు. ఆచారాల వల్ల మీ ఇంట్లో ఎవరికైనా ఇబ్బంది ఉంటే ముందే తెలియడం మంచిదని చెబుతున్నాను. పెప్టైడ్ ఫీడ్ మాత్రమే గొట్టంలో పోతున్నప్పుడు చాలామందికి వీటి అవసరం ఉండదు.

ఇక ఆక్ట్రియోటైడ్. మన ఒంట్లోనే సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ ఉంది, అది ప్యాంక్రియాస్ రసాన్ని, పేగు రసాలను తగ్గిస్తుంది. రక్తంలో రెండు మూడు నిమిషాల్లో సగం ఖర్చయిపోతుంది కాబట్టి దాన్ని మందుగా ఇవ్వాలంటే 24 గంటలూ ఎక్కిస్తూనే ఉండాలి. దాన్ని పోలిన ఆక్ట్రియోటైడ్ గంటన్నర దాకా నిలుస్తుంది, అందుకే చర్మం కింద ఎనిమిది గంటలకోసారి 100 మైక్రోగ్రాములు సరిపోతుంది. కుళాయి కొంచెం బిగించినట్టు రసాన్ని తగ్గిస్తుందే తప్ప, పైపు పగులును అతికించే పని దానిది కాదు. లీక్ వచ్చాక ఈ ఇంజెక్షన్లు ఇచ్చి చూసిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కవేస్తే, రసం పరిమాణం తగ్గినా, ఫిస్టులా మూసుకునేవాళ్ల సంఖ్య గట్టిగా పెరిగినట్టు తేలలేదు.

లీక్ రాకుండా ముందే ఇవ్వడం వేరే విషయం. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ సెంటర్ 2014లో 300 మందిలో పాసిరియోటైడ్ అనే కొత్త రకం మందు ఇచ్చి చూసింది. మందు ఇచ్చినవాళ్లలో ఇబ్బంది పెట్టే లీక్, చీము 9 శాతం మందికి, ఇవ్వనివాళ్లలో 21 శాతం మందికి వచ్చాయి. తర్వాత కొన్ని కేంద్రాల్లో అంత మేలు కనిపించలేదు, మందు చాలా ఖరీదు. ఏదైనా ఆ అధ్యయనం లీక్ రాకముందు ఇచ్చే మందు గురించి. లీక్ వచ్చిన మీ నాన్నగారికి దాన్ని వర్తింపజేయలేం, ఎవరైనా ఆ కాగితం చూపించి కొనమంటే తొందరపడకండి.

మరి ఆయనకు ఇంజెక్షన్ ఎన్నాళ్లు? నేనైతే మూడు నుంచి ఐదు రోజులు ఇచ్చి డ్రెయిన్ లెక్క చూస్తాను. 300 ఉన్నది సగానికి పడిపోతే, ద్రవాలు, లవణాల లెక్క తేలికవుతుంది కాబట్టి కొన్నాళ్లు కొనసాగిస్తాను. పెద్దగా తగ్గకపోతే ఆపేస్తాను. చాలాచోట్ల మొదలుపెట్టిన ఇంజెక్షన్ ఎవరూ ఆపమనకపోవడం వల్లే వారాలు సాగుతుంది. రోజుకు మూడు పోట్లు, దాని ఖర్చు. దీనివల్ల వికారం రావొచ్చు, కొందరిలో గుండె వేగం తగ్గుతుంది. ఇన్సులిన్‌నూ గ్లూకగాన్‌నూ రెండింటినీ అణుస్తుంది కాబట్టి షుగర్ పెరగొచ్చు, పడిపోవచ్చు కూడా. ప్యాంక్రియాస్ కొంత తీసేసిన మనిషికి షుగర్ ఎలాగూ నిలకడగా ఉండదు. గొట్టం ఫీడ్ ఆగిన వేళ ముందే ఇచ్చిన ఇన్సులిన్ పనిచేస్తూ ఉంటే ప్రమాదం. ఆ సమయంలో చెమటలు, మాట తడబాటు కనిపిస్తే వెంటనే షుగర్ చూపించండి. ఇంకో చిన్న విషయం: ఆంప్యూల్ ఫ్రిజ్‌లోంచి తీసి, చేతిలో కాసేపు ఉంచుకుని గది వేడికి వచ్చాక ఇస్తే మంట తగ్గుతుంది.

ఆల్బుమిన్ బాటిళ్ల గురించి మీరు అడగలేదు గానీ త్వరలో అడగాల్సి వస్తుంది. రిపోర్టులో ఆల్బుమిన్ 2.3 అని చూసి, బాటిళ్లు ఎక్కిస్తే బలం వస్తుందని ఇంటివాళ్లే అడిగి తెప్పిస్తుంటారు. అది తిండి కాదు. ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నంతకాలం ఆల్బుమిన్ కిందనే ఉంటుంది. అవి తగ్గి, తిండి అందితే దానంతట అదే లేస్తుంది. ఆ డబ్బు మంచి ఫీడ్ మీద పెట్టండి. గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం కూడా అంతే. 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో అవయవాలు దెబ్బతిని ఐసీయూలో ఉన్నవాళ్లకు ఎక్కువ మోతాదులో ఇస్తే మరణాలు పెరిగాయి. ఎంజైములను అణిచే యులినాస్టాటిన్ అనే మందు మన దేశంలో బాగా వాడతారు, ఫిస్టులా మూయడానికి దానికి గట్టి ఆధారం లేదు. యాసిడ్ తగ్గించే ప్యాంటోప్రజోల్ కుట్టు దగ్గర పుండ్లు పడకుండా ఇస్తారు, అది ఉండాల్సిందే. యాంటీబయాటిక్ జ్వరం, తెల్లకణాలు, కల్చర్ రిపోర్టు చూసి ఇవ్వాలి. డ్రెయిన్ ఉన్నన్నాళ్లూ అలవాటుగా సాగదీస్తే మొండి బ్యాక్టీరియా మిగులుతుంది.

అయితే మందుల కంటే, తిండి కంటే కూడా ప్రాణం నిలబెట్టేది లోపల చేరిన రసాన్ని త్వరగా కనిపెట్టి బయటికి తీయడం. నెదర్లాండ్స్‌లో దేశమంతటా 1748 మంది రోగులతో చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. ఆపరేషన్ తర్వాత రోజూ కొన్ని గుర్తులు చూసి, తేడా రాగానే సీటీ తీసి, స్కానింగ్ సాయంతో చిన్న పైపు వేసే పద్ధతి పెట్టారు. పెద్ద రక్తస్రావం, అవయవ వైఫల్యం, మరణం, ఈ మూడూ కలిపి 14 శాతం నుంచి 8 శాతానికి తగ్గాయి. ఇందులో కొత్త మందేమీ లేదు, కళ్లు తెరుచుకుని ఉండటమే ఉంది. డ్రెయిన్‌లో వచ్చేది ఒక్కసారిగా 300 నుంచి 20కి పడిపోతే సంబరపడకండి. నిజంగా తగ్గి ఉండొచ్చు, పైపు మూసుకుపోయి లోపల నిండుతూ ఉండొచ్చు. పొట్ట నొప్పి, గుండె దడ, చలి, జ్వరం తోడైతే సీటీ అడగండి.

రక్తం విషయం విడిగా చెబుతున్నాను, ఇంట్లో అందరికీ చెప్పండి. ప్యాంక్రియాస్ రసం పక్కనున్న రక్తనాళాన్ని, ముఖ్యంగా విపుల్‌లో కట్టేసిన గ్యాస్ట్రోడ్యూడెనల్ ఆర్టరీ మొదలును, మెల్లగా తినేస్తుంది. పెద్ద రక్తస్రావానికి కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల ముందు డ్రెయిన్‌లో కొంచెం ఎర్రటి రక్తం కనిపించి ఆగిపోతుంది. ఆగింది కదా అని ఊరుకోకూడదు. రక్తపు వాంతి, నల్లటి మలం కూడా అలాంటి హెచ్చరికే. బీపీ బాగానే ఉన్నా అర్ధరాత్రయినా వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి, రక్తనాళాలు చూపించే సీటీ యాంజియో చేయాలి. కాథెటర్ ద్వారా ఆ రక్తనాళాన్ని మూసేసే సౌకర్యం, అది చేసే రేడియాలజిస్టు ఉన్న ఆసుపత్రిలోనే ఈయన ఉండాలి. ఇప్పుడున్న చోట లేకపోతే, ఎక్కడికి పంపుతారో ఈ రోజే అడిగి పెట్టుకోండి.

అందుకే డ్రెయిన్‌తో ఇంటికి పంపడం గురించి నా జవాబు మీ ఊరి దూరాన్ని బట్టి ఉంటుంది. జ్వరం లేకుండా, తిండి అందుతూ, నడుస్తూ, సీటీలో లోపల నిల్వ లేకుండా ఉంటే ఇంటికి వెళ్లడం మంచిదే. ఇంట్లో నిద్ర పడుతుంది, ఆకలి వేస్తుంది. ఆసుపత్రికి గంటలోపు చేరలేని ఊరైతే మొదటి రెండు మూడు వారాలు దగ్గర్లో గదో, బంధువుల ఇల్లో చూసుకోండి. రోజూ ఒకే సమయానికి బ్యాగు ఖాళీ చేసి, ఎంత వచ్చింది, ఏ రంగులో ఉంది అని రాయండి, బరువు వారానికి రెండుసార్లు. పైపుకు మీ అంతట మీరు క్లిప్ పెట్టకండి. పైపు పక్కనుంచి కారుతుంటే చర్మం కాలినట్టు ఎర్రబడుతుంది. పేగు రసం కలిసినప్పుడు ఎంజైములు చురుకవుతాయి, అందుకే మంట. జింక్ ఆక్సైడ్ పేస్టు రాసి, స్టోమా బ్యాగు అతికించడం సిస్టర్ దగ్గర నేర్చుకుని వెళ్లండి. నొప్పికి పారాసిటమాల్ చాలు, మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ వేయకండి. ఆరోగ్యశ్రీ కింద చేరి ఉంటే, మళ్లీ చేరాల్సి వస్తే, డ్రెయిన్ మార్చాల్సి వస్తే ఏది కవర్ అవుతుందో డిశ్చార్జికి ముందే ఆరోగ్యమిత్ర దగ్గర కనుక్కోండి.

రోజువారీ లెక్క తగ్గుతూ వచ్చి, అమైలేజ్ కూడా పడిపోయాక పైపును ఒక్కసారి కాకుండా కొద్దికొద్దిగా వెనక్కి లాగి తీసేస్తారు. ఆరేడు వారాలైనా తగ్గకపోతే కారణం వెతకాలి: లోపల చీము మిగిలిందా, పైపు కొసే కుట్టుకు తగిలి మాననివ్వడం లేదా, పేగులో ముందు ఎక్కడైనా ఇరుకుందా. ఎంఆర్‌సీపీ అనే ఎంఆర్‌ఐ స్కానింగ్‌తో నాళం ఎలా ఉందో చూస్తారు. అప్పుడు హైదరాబాద్‌లాంటి చోట ప్యాంక్రియాస్ కేసులు ఎక్కువగా చూసే సెంటర్‌లో రెండో అభిప్రాయం తీసుకోవడం సబబు.

చివరగా, క్యాన్సర్ మందులు ఆలస్యమవుతాయేమోనన్న మీ భయం. ఆపరేషన్ తర్వాత కీమో అవసరమని బయాప్సీ చెబితే, మామూలుగా 12 వారాల లోపు మొదలుపెట్టాలని చూస్తారు. ప్యాంక్రియాస్ క్యాన్సర్‌లో యూరప్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం వివరాలను తరచి చూస్తే, తొందరగా మొదలుపెట్టడం కంటే ఆరు సైకిళ్లూ పూర్తి చేయగలగడమే ఎక్కువ మేలు చేసిందని తేలింది. బలహీనంగా ఉన్న మనిషికి ఆరో వారంలో హడావిడిగా మొదలుపెట్టి రెండో సైకిల్‌కే ఆపేసే కంటే, మూడు నాలుగు కిలోలు పెరిగాక మొదలుపెట్టడం నయం. అయినా బయాప్సీ రిపోర్టు రాగానే ఆంకాలజిస్టును ఒకసారి కలవండి. డ్రెయిన్ తీసేదాకా ఆగనవసరం లేదు.